సందె పడితే ఇంటికి పోయే సమురాయ్ ('ది ట్వైలైట్ సమురాయ్' డివిడి మీద నా రివ్యూ)

ఈ డిస్క్ కొనాలా వద్దా అని అడిగితే కొనమనే చెబుతాను. గుర్రాల మీద దండయాత్రలు, రక్తపు జల్లులు కావాలనుకునేవాళ్లు మాత్రం వదిలేయండి. 129 నిమిషాల సినిమాలో హీరో పోరాడేది రెండే రెండు సార్లు, అందులో ఒకసారి చేతిలో ఉండేది ఉట్టి కర్ర. మిగతా సమయమంతా బియ్యం లెక్కలు, అప్పులు, ఇద్దరు ఆడపిల్లలు, మతిమరుపు వచ్చిన తల్లి, పొయ్యి మీద కుండ. నేను ఇప్పటికి నాలుగు సార్లు చూశాను. జపాన్ పాతకాలపు యోధులైన సమురాయ్‌ల పరువు గురించి, వాళ్ల కాలం ముగిసిపోవడం గురించి తీసిన సినిమాల్లో నాకు దీన్ని మించింది కనపడలేదు. ఎందుకో చెప్పాలంటే కథ చివరిదాకా చెప్పాలి, కాబట్టి ముందు సినిమా చూద్దాం అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందు డిస్క్ సంగతి, ఎందుకంటే నాకు ఒక వారం టెన్షన్ పెట్టింది అదే. మా చెల్లెలు అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. అక్కడి డివిడిలకు రీజియన్ 1, మన దేశానికి రీజియన్ 5, అందుకని ఇంట్లో ఉన్న ప్లేయర్‌లో పెడితే ఆడనే లేదు. చివరికి పాత ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకుని చూశాను. అలా మార్చడం ఐదు సార్లకే పరిమితం, ఐదోసారి ఏది పెడితే అదే ఉండిపోతుంది, కాబట్టి ఊరికే అటూ ఇటూ మార్చకండి. బయటి దేశం నుంచి ఏ డిస్క్ తెప్పించుకున్నా ముందు వెనక అట్ట మీద రీజియన్ నంబరు చూడండి. బొమ్మ బాగానే ఉంది కానీ సినిమాలో చాలా భాగం దీపపు వెలుతురులోనే జరుగుతుంది, చివరి పోరు జరిగే ఇల్లయితే చీకటి గుహలా ఉంటుంది. మధ్యాహ్నం కిటికీలు తెరిచి పెట్టుకుని చూస్తే ఏమీ కనపడదు. రాత్రి లైట్లు ఆర్పి చూడండి.

తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లీషువే. అవి అర్థం చెబుతాయి కానీ మాట తీరు చెప్పవు. ఈ సినిమాలో మనుషులు ఉత్తర జపాన్‌లోని షోనాయ్ యాసలో మాట్లాడతారు, మాట చివర 'గన్సు' అని వినపడుతూ ఉంటుంది. అది ఇప్పుడు యమగత అనే జిల్లాలో సముద్రం వైపు ఉన్న ప్రాంతం. మామూలుగా సమురాయ్ అనగానే బిగుసుకుపోయి గర్జించినట్టు మాట్లాడే మనిషి గుర్తొస్తాడు, ఇక్కడ మాత్రం పల్లెటూరి యాసలో మెల్లగా, కాస్త సిగ్గుపడుతూ మాట్లాడే మనుషులు. శ్రీకాకుళం యాసలో సాగే సంభాషణను ఎవరో పుస్తకాల ఇంగ్లీషులో చెబితే ఎంత పోతుందో ఇక్కడా అంత పోయింది. జపనీస్ రాకపోయినా చెవి పెట్టి వినండి, ఆ మెత్తదనం తెలుస్తుంది.

దర్శకుడు యోజి యమడ. 1931లో పుట్టాడు, అంటే 2002లో ఈ సినిమా వచ్చేనాటికి డెబ్భై దాటాయి. అప్పటిదాకా ఆయన పేరు చెబితే జపాన్ వాళ్లకు గుర్తొచ్చేది తొర-సాన్ అనే దేశదిమ్మరి కథలు, కుటుంబాలు కూర్చుని చూసి నవ్వి ఏడ్చే సినిమాలు. సమురాయ్‌ల కాలం మీద ఆయన తీసిన మొదటి సినిమా ఇదే. అందుకేనేమో కత్తి కన్నా ముందు అన్నం గిన్నె కనపడుతుంది ఆయనకి. షుహెయ్ ఫుజిసవ అనే రచయిత కథల నుంచి అల్లుకున్నాడు. ఆ ఏడాది జపాన్ అకాడెమీ అవార్డులు దాదాపు అన్నీ దీనికే వచ్చాయి, ఆస్కార్‌లో విదేశీ చిత్రాల విభాగంలో నామినేషన్ కూడా దక్కింది.

కథాకాలం 1860లు, సమురాయ్‌ల లోకానికి చివరి రోజులు. హీరో ఇగుచి సేబే ఒక చిన్న సంస్థానంలో గిడ్డంగి గుమస్తా. అవును, గుమస్తానే. నడుముకి రెండు కత్తులు ఉంటాయి, చేసే పని మాత్రం ఎండు చేపలు, ఉప్పు, ధాన్యం నిల్వలు లెక్క రాయడం. జీతం ఏడాదికి 50 కొకులు. ఒక కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం, 150 కిలోల వరకు. వినడానికి బాగానే ఉంటుంది కానీ క్షయతో భార్య చనిపోయింది, ఆ జబ్బుకీ అంత్యక్రియలకీ చేసిన అప్పులు తీరలేదు, ఇద్దరు కూతుళ్లు, కొడుకుని గుర్తుపట్టని తల్లి, ఒక అమాయకపు పనివాడు. పని అవగానే తోటి గుమస్తాలు తాగడానికి రమ్మంటే ఈయన రాడు, సందె పడేసరికి ఇంటి దారి పడతాడు, రాత్రి కూర్చుని పురుగుల పంజరాలు అల్లి అమ్ముకుంటాడు. అందుకని వాళ్లు పెట్టిన పేరు 'తసొగరె సేబే', అంటే సందె సేబే. జపనీస్‌లో సినిమా పేరు కూడా అదే. ఇంగ్లీషు పేరులో ఉన్న ఘనత అందులో లేదు, అది వెక్కిరింపు పేరు.

ఒకరోజు ప్రభువు గిడ్డంగి చూడడానికి వస్తాడు. సేబే బట్టలు చిరిగి ఉంటాయి, స్నానం లేక ఒళ్లు వాసన కొడుతూ ఉంటుంది, అది ప్రభువు ముక్కుకి తగులుతుంది. దాంతో బంధువులకి తల కొట్టేసినట్టయి, పెద్దాయన ఇంటికొచ్చి వంశం పరువు తీశావని చెడామడా తిడతాడు, మళ్లీ పెళ్లి చేసుకో, ఎవరైనా ఫరవాలేదు, పిల్లల్ని కనే పిల్లయితే చాలు అంటాడు. సేబే ఎదురు చెప్పిన మాటల సారం, పిల్లలు పైరు పెరిగినట్టు రోజురోజుకీ పెరగడం చూస్తూ ఉండడం నాకు సంతోషంగానే ఉంది అని. పరువు అనే మాట ఈ సినిమాలో మొదటిసారి వినిపించేది ఇలా, ఒక మనిషి ఒంటి వాసన దగ్గర. అక్కడే నాకు ఈ సినిమా మీద నమ్మకం కుదిరింది.

పెద్ద కూతురు రాత్రి పూట కన్ఫ్యూషియస్ పాఠాలు వల్లె వేస్తుంటుంది. కుట్టుపని నేర్చుకుంటే బట్టలు కుట్టుకోవచ్చు, మరి చదువు దేనికి పనికొస్తుంది నాన్నా అని అడుగుతుంది. చదువుకుంటే ఆలోచించే శక్తి వస్తుంది, ఆ శక్తి ఉంటే లోకం ఎట్లా మారిపోయినా ఎట్లాగో బతకొచ్చు అంటాడు. చేతులు పంజరం అల్లుతూనే ఉంటాయి. తన కాలం అయిపోతోందని ఈ గుమస్తాకి తెలుసు, కూతురిని అవతలి ఒడ్డుకి సిద్ధం చేస్తున్నాడు. మరోచోట నదిలో చేపలు పడుతుంటే పైనుంచి శవాలు కొట్టుకొస్తాయి, ఎగువ ఊళ్లలో కరువు. కెమెరా అక్కడ ఎక్కువసేపు ఆగదు, ఎవరూ ఉపన్యాసం చెప్పరు. రైతు బియ్యం మీద బతికే సమురాయ్‌ల లోకం ఎందుకు కూలిందో ఆ ఒక్క దృశ్యంలో ఉంది.

చిన్ననాటి స్నేహితురాలు టొమోఎ, తాగి కొట్టే భర్త నుంచి విడాకులు తీసుకుని వచ్చేసి, సేబే ఇంటికి వచ్చి పిల్లలతో ఆడుతూ ఇల్లు సర్దుతూ ఉంటుంది. ఆమెగా రియె మియజవ, సేబేగా హిరోయుకి సనడ. ఆ మాజీ భర్తతోనే కర్ర పోరు జరుగుతుంది. సేబే కత్తి తీయడు, కర్రతో కొట్టి పడేస్తాడు. ఆ కబురు ఊరంతా పాకి, ఈ మురికి గుమస్తాకి కత్తి విద్య వచ్చా అని సంస్థాన పెద్దలకి తెలిసిపోతుంది, అదే ఆయన మెడకి చుట్టుకుంటుంది.

ప్రభువు చనిపోయి వారసత్వ గొడవ మొదలవుతుంది. ఓడిపోయిన వర్గంలోని యోగో జెనెమోన్ అనే యోధుడిని పొట్ట కోసుకుని చావమని ఆజ్ఞ ఇస్తారు. అతను చావనంటాడు, ఇంట్లో తలుపులేసుకుని కూర్చుంటాడు. వాడిని చంపి రా అని సేబేని పిలుస్తారు. ఇక్కడ సేబే చెప్పే జవాబు సమురాయ్ సినిమాల్లో నేను విన్న అతి నిజమైన మాట: మనిషిని చంపాలంటే మృగం లాంటి కసి ఉండాలి, సొంత ప్రాణమంటే లెక్కలేనితనం ఉండాలి, ఈ బతుకులో నాకు ఆ రెండూ లేకుండా పోయాయి, కొంచెం వ్యవధి ఇవ్వండి. ఇవ్వరు. సంస్థానం నుంచి వెళ్లగొడతామంటారు. పిల్లల ముఖం చూసి ఒప్పుకుంటాడు. పరువు కోసం ఒప్పుకోలేదు, జీతం కోసం ఒప్పుకున్నాడు, ఆ సంగతి దాచుకోడు కూడా.

ఆ తర్వాతి రోజు ఉదయం. ఇంట్లో ఆ పని చేయగల ఆడమనిషి లేదు కాబట్టి టొమోఎని పిలిపించి జుట్టు ముడి వేయమంటాడు, పోరుకి వెళ్లే బట్టలు సర్దమంటాడు. ఆమె చేతులు ముడులు బిగిస్తూ ఉంటాయి. బయల్దేరే ముందు ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నది చెప్పేస్తాడు, తిరిగి వస్తే నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు. ఆమె, వేరే సంబంధానికి ఒప్పుకున్నానని చెబుతుంది. అయ్యో, నేను తప్పుగా మాట్లాడాను, మరిచిపో అని నవ్వి వెళ్లిపోతాడు. ఈ పది నిమిషాల కోసం డిస్క్ కొన్నా నష్టం లేదు.

యోగో ఇంట్లో జరిగేది ముందు మాటలు, తర్వాతే పోరు. యోగోగా మిన్ తనక. ఆయన నాట్యకారుడు, సినిమాలో నటించడం ఇదే మొదలు, ఆ ఒంటి కదలిక చూస్తే తెలుస్తుంది మామూలు నటుడు కాదని. చీకటి ఇల్లు, ఈగలు, సారా కూజా. కూర్చో, మాట్లాడుకుందాం, నన్ను పారిపోనియ్ అంటాడు. అతని భార్యా కూతురూ కూడా క్షయతోనే పోయారు. పై అధికారి చెప్పింది చేశాను, దానికి నేనెందుకు చావాలి అని అడుగుతాడు. ఇద్దరూ ఒకే కష్టం పడ్డ మనుషులు, ఒకరినొకరు చంపుకోవాల్సిన అవసరం ఏమీ లేదు. కాసేపటికి మనకి కూడా వదిలేస్తే బాగుండు అనిపిస్తుంది. అప్పుడు సేబే చనువు కొద్దీ ఒక నిజం చెబుతాడు. భార్య అంత్యక్రియలకి నాన్న ఇచ్చిన కత్తి అమ్మేశాను, ఈ ఒరలో ఉన్నది వెదురు బద్ద అని.

అంతే, యోగో ముఖం మారిపోతుంది. పారిపోవాలనుకున్నవాడు, ప్రభువు ఆజ్ఞ మీద ఉమ్మేసినవాడు, వెదురు కత్తితో నన్ను చంపడానికి వచ్చావా అని మండిపడి కత్తి దూస్తాడు. నిజానికి సేబే చిన్న కత్తితో పోరాడే విద్యలో ఆరితేరినవాడు, పొట్టి కత్తి నిజమైనదే. కానీ యోగోకి అది పట్టదు. అన్నీ పోగొట్టుకున్న మనిషికి కూడా ఆ పరువు పిచ్చి ఒక్కటి మిగిలింది, అది అతన్ని చంపింది. ఇరుకు గదిలో అతని పొడవాటి కత్తి ద్వారబంధం పై చెక్కలో దిగబడిపోతుంది, ఆ క్షణంలో పొట్టి కత్తి పని ముగిస్తుంది. ఇందులో గెలుపు లాంటిది ఏమీ లేదు.

వెదురు కత్తి అనగానే ఈ జాతి సినిమాలు చూసేవాళ్లకి 1962లో మసకి కొబయాషి తీసిన 'హరాకిరి' గుర్తురాక మానదు. అది 1630 నాటి కథ. కొలువు పోయిన ఒక యువకుడు భార్యాబిడ్డల కోసం కత్తులు అమ్ముకుని వెదురు బద్దలు పెట్టుకుంటాడు. ఒక పెద్ద వంశం వాళ్ల ఇంటికి వెళ్లి మీ ముంగిట్లో పొట్ట కోసుకుంటానంటాడు, జాలిపడి డబ్బిచ్చి పంపుతారేమో అని. వాళ్లు ఆ వెదురు బద్దతోనే కోయిస్తారు. తర్వాత అతని మామ తన నడుముకి ఉన్న కత్తిని చూసుకుని, అల్లుడికి తట్టింది నాకు తట్టలేదే, దీన్ని పట్టుకుని వేళ్లాడానే అని కుమిలిపోతాడు. నేను చూసిన సినిమాల్లో ఇంత కోపంతో తీసింది ఇంకొకటి లేదు. ఆ కోపాన్నే యమడ నలభై ఏళ్ల తర్వాత తీసుకొచ్చి మెల్లగా మాట్లాడే మనిషి నోట్లో పెట్టాడు. రెండూ వెంటవెంటనే చూడొద్దు, మనసు తట్టుకోదు, ఒక వారం ఎడం ఇవ్వండి.

ఇంకొక సంగతి రెండోసారి చూసినప్పుడు తట్టింది. 'హరాకిరి'లో ఆ మామని చివరికి తుపాకులు దించి ఆపుతారు. 1954 నాటి కురొసవ 'సెవెన్ సమురాయ్'లో చనిపోయే నలుగురు సమురాయ్‌లూ తుపాకీ గుళ్లకే పోతారు, కత్తి విద్యలో అందరికన్నా మొనగాడు సహా. సేబే కూడా అంతే. టొమోఎ ఆ సంబంధం కాదనుకుని ఇంట్లోనే ఎదురుచూస్తుంది, పెళ్లవుతుంది, మూడేళ్లు కూడా గడవకముందే దేశాన్ని ఏలిన షోగన్ అనే సైనిక పాలకుడి పక్షానికీ చక్రవర్తి పక్షానికీ మధ్య 1868లో మొదలైన బోషిన్ యుద్ధం వస్తుంది, చక్రవర్తి సేనల తూటాకి సేబే పోతాడు. అది మనకి చూపించరు. ముసలిదైన చిన్న కూతురు సమాధి దగ్గర నిలబడి ఒక వాక్యంలో చెబుతుంది. ఒక యుగం ముగియడం ఒక వాక్యంలో అయిపోతుంది.

ఇక్కడ 'ది లాస్ట్ సమురాయ్' గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం మీద చాలామంది చూసిన సినిమా అది ఒక్కటే. 2003లో వచ్చింది, ఇదే సనడ అందులో ఉజియో అనే కరకు యోధుడు, అక్కడా ఆయన చావు చివరి యుద్ధంలోనే. చూడడానికి బాగుంటుంది, కెన్ వతనబె గొప్పగా చేశాడు, నాకూ ఇష్టమే. కానీ అందులో సమురాయ్‌లు తుపాకీ ముట్టుకోని పవిత్రులు. ఆ కథకి మూలమైన సైగో తకమోరి తిరుగుబాటులో వాళ్ల చేతుల్లోనూ తుపాకులు ఉన్నాయి. 1876లో చక్రవర్తి ప్రభుత్వం కత్తులు ధరించడం నిషేధించింది, బియ్యం జీతాలు రద్దు చేసి బాండ్లు చేతిలో పెట్టింది, 1877లో దాని మీద తిరుగుబాటు లేచింది, ఆ ఏడాది సెప్టెంబరు 24న కగొషిమలోని షిరోయమ కొండ మీద సైగో చనిపోయాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, బోషిన్ యుద్ధంలో చక్రవర్తి సేనల నాయకుల్లో ఒకరు ఎవరనుకున్నారు? ఈ సైగోనే. అంటే సేబేని చంపిన తూటా, తర్వాత 'చివరి సమురాయ్' అని లోకం కొలిచిన మనిషి పక్షం నుంచే వచ్చింది. అసలు చరిత్రలో షోనాయ్ సంస్థానం లొంగిపోయాక సైగో వాళ్లని కనికరంగా చూశాడు, ఆ ఊరి వాళ్లే తర్వాత ఆయన మాటలు పోగు చేసి పుస్తకంగా వేశారు. ఇది తెలిశాక నాకు రెండు సినిమాలూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు అనిపించాయి. పేరున్న వాడి చావుకి విగ్రహం, గుమస్తా చావుకి కూతురి వాక్యం.

లోపాలు లేవని కాదు. ముసలి కూతురి గొంతు కథ పొడుగునా వినిపిస్తుంది, కొన్ని చోట్ల మనం కళ్లారా చూసిందే మళ్లీ చెబుతుంది. టొమోఎకి ఒక్క చెడ్డ గుణం కూడా పెట్టలేదు, కాస్త చిరాకైనా పడితే ఇంకా మనిషిలా ఉండేది. మొదటి అరగంట నెమ్మది. ఓపిక పట్టండి, ఆ అరగంటలో చూసిన పంజరాలు, బట్టలు, గిన్నెలే చివర్లో గుండె పట్టేస్తాయి.

ఇది నచ్చితే యమడ తర్వాత తీసిన 'ది హిడెన్ బ్లేడ్' కూడా వెతుక్కోండి, 2004లోది. అందులో సమురాయ్‌లకి పాశ్చాత్య పద్ధతిలో ఫిరంగి కాల్చడం, వరుసగా పరుగెత్తడం నేర్పిస్తుంటారు, వాళ్లకి ఆ పరుగే చేతకాదు. హీరో ఆఖరికి కత్తి వదిలేసి వ్యాపారం చేసుకోవడానికి ఉత్తరాన ఎజోకి వెళ్లిపోతాడు. అది కొంచెం తేలిగ్గా ఉంటుంది, ఇంత లోతు లేదు.

నాలుగోసారి అమ్మతో కలిసి చూశాను. ఆమెకి ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను. 'తసొగరె' అనే మాట పాతకాలంలో 'ఎవరది?' అనడం నుంచి వచ్చిందట, మసక వెలుతురులో ఎదుటి మనిషి ముఖం ఆనదు కాబట్టి. అది అమ్మకి చెప్పాను. సినిమాలో సేబే తల్లి కొడుకుని చూసినప్పుడల్లా మీరెవరండీ, ఏ ఇంటి వారండీ అని మర్యాదగా అడుగుతుంది, ఆయన విసుక్కోకుండా ప్రతిసారీ, నేను సేబేనమ్మా, నీ కొడుకుని అని చెబుతాడు. మా నాయనమ్మ చివరి రెండేళ్లు అమ్మని అలాగే అడిగేది. పోరు అయిపోయింది, సమాధి దగ్గర రిక్షా కదిలింది, పేర్లు పడుతున్నాయి. అమ్మ కళ్లు తుడుచుకుని, ఆ ముసలమ్మ అడిగే చోటికి ఒకసారి వెనక్కి పెట్టరా అంది.